సూపర్‌చార్జర్ సివిక్: 550 సీసీ ఇంజెక్టర్లు వేశాక ఏసీ వేస్తే ఐడ్లింగ్ ఊగుతోంది, పై ఆర్‌పీఎంలో లీన్ అవుతోంది

భీమవరం_బూస్ట్
2008 సివిక్ 1.8 అండి. సెంట్రిఫ్యూగల్ సూపర్‌చార్జర్ (ఇంజనులోకి గాలిని నొక్కి పంపే బ్లోయరు), ముందు ఇంటర్‌కూలర్, పై ఆర్‌పీఎంలో 0.5 బార్ దాకా బూస్ట్. స్టాండలోన్ ఈసీయూ (కంపెనీది కాకుండా విడిగా పెట్టిన, మనం ట్యూన్ చేసుకునే ఇంజను కంప్యూటరు), 3 బార్ మ్యాప్ సెన్సరు (ఇన్‌టేక్ మానిఫోల్డ్‌లో గాలి పీడనం కొలిచేది). ఒరిజినల్ ఇంజెక్టర్లు చాలడం లేదని నిమిషానికి 550 సీసీ పోసేవి పడ్డాయి. హైదరాబాద్‌లో డైనో (చక్రాలు రోలర్ల మీద తిప్పి పవర్ కొలిచే మిషను) మీద ట్యూన్ చేసి ఇచ్చారు, అక్కడ అంతా బాగానే ఉంది.

ఇక్కడికొచ్చాక రెండు గొడవలు. ఒకటి: ఏసీ లేకపోతే ఐడ్లింగ్ 780 దగ్గర చక్కగా నిలబడుతోంది. ఏసీ వేసి, ఫ్యాను తిరిగి, హెడ్‌లైట్లు కూడా వేస్తే 600కీ 1000కీ మధ్య ఊగుతోంది. రైల్వే గేటు దగ్గర ఒక్కోసారి ఆగిపోతోంది. రెండు: ఫుల్ థ్రాటిల్‌లో 5500 దాటాక వైడ్‌బ్యాండ్ (ఎగ్జాస్ట్‌లో ఉండే ఆక్సిజన్ సెన్సరు) లాంబ్డా 0.82 నుంచి 0.90 పైకి, అంటే పెట్రోలు తక్కువై లీన్ వైపు పోతోంది, అక్కడే కాలు తీసేస్తున్నా. ఫోన్ చేస్తే ఇంజెక్టర్లు చిన్నవైపోయాయి, 1000 సీసీవి వేసెయ్యండి అంటున్నారు. వెయ్యమంటారా?

కాకినాడ_క్రాంక్
వద్దు. ముందు లాగ్ పెట్టండి. ఐడ్లింగ్‌లో ఏసీ లేకుండా రెండు నిమిషాలు, ఏసీ, లైట్లతో రెండు నిమిషాలు, 80 వేగంలో నిలకడగా ఒకటి. బ్యాటరీ వోల్టేజీ, పల్స్ వెడల్పు (ఇంజెక్టరు ఒక్కోసారి తెరిచి ఉండే సమయం), డ్యూటీ (మొత్తం సమయంలో అది తెరిచి ఉండే శాతం), లాంబ్డా, ట్రిమ్ములు (సెన్సరు చూసి ఈసీయూ పెట్రోలుకి చేసే శాతం సవరణ), మ్యాప్, ఇన్‌టేక్ గాలి వేడి, ఇవన్నీ ఒకే లాగ్‌లో ఉండాలి. మీరు చెప్పిన రెండూ ఒకే జబ్బు కాకపోవచ్చు.

అమలాపురం_పుల్లీ
పుస్తెలమ్మైనా పులస తినమన్నారు గానీ పుస్తెలమ్మి 1000 సీసీ ఇంజెక్టర్లు కొనమనలేదండి. ఆయ్.

రావులపాలెం_రైల్
సైజు సంగతి లెక్కేస్తే తేలిపోద్ది. ఆ ఇంజనుకి 0.5 బార్‌తో 200 హెచ్‌పీ అనుకుందాం. సూపర్‌చార్జర్ ఉన్న పెట్రోలు ఇంజను గంటకి ఒక్కో హెచ్‌పీకి సుమారు 0.62 పౌండ్ల పెట్రోలు తాగుతుంది. 200 × 0.62 = 124 పౌండ్లు. నాలుగు ఇంజెక్టర్లు, 80 శాతం డ్యూటీ అంటే 124 ÷ 3.2 = 38.75 పౌండ్లు. దాన్ని 10.5తో గుణిస్తే నిమిషానికి 407 సీసీ. ఇప్పుడు బంకులో పోసేది ఇ20 (20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు) కాబట్టి ఇంకో 9 శాతం కలపండి, 443 సీసీ.

అంటే 550 బోలెడు. 1000 సీసీ వేస్తే ఐడ్లింగ్‌లో పల్స్ మరీ చిన్నదైపోయి ఇప్పుడున్న గొడవ రెట్టింపవుద్ది.

తణుకు_టార్క్
నన్నడిగితే 550 కూడా ఎక్కువే. 440 చాలు. ఇంజెక్టర్ మీద రాసే సీసీ 3 బార్ దగ్గర కొలిచింది. సివిక్‌లో రిటర్న్ లైను ఉండదు, రెగ్యులేటర్ ట్యాంకులోనే ఉంటుంది, రైల్ (ఇంజెక్టర్లకి పెట్రోలు అందించే గొట్టం) ప్రెజర్ 3 బార్ కంటే ఎక్కువే. 3.8 అనుకుంటే 440 కాస్తా 495 అవుతుంది. ప్రెజర్ నిష్పత్తికి వర్గమూలం తీసి గుణించడమే.

రావులపాలెం_రైల్
@తణుకు_టార్క్ సగం లెక్కే చెప్పారు. రిటర్న్‌లెస్‌లో రెగ్యులేటర్‌కి మానిఫోల్డ్ నుంచి వాక్యూమ్ గొట్టం ఉండదు. రైల్‌లో 3.8 ఉన్నా బూస్ట్ 0.5 ఎదురు తోస్తుంది కాబట్టి ఇంజెక్టరుకి దక్కేది 3.3 బారే. ఐడ్లింగ్‌లో తిరగబడుద్ది. మానిఫోల్డ్ పీలుస్తుంటుంది కాబట్టి 4.5 బార్ పడుతుంది. అదే 550 సీసీ ఇంజెక్టరు బూస్ట్‌లో 577, ఐడ్లింగ్‌లో 674 సీసీగా పనిచేస్తుంది. ఈసీయూలో ఈ తేడా లెక్క పెట్టే ఆప్షన్ ఆన్‌లో ఉందో లేదో చూడాలి.

440తో 3.3 బార్ దగ్గర 461 వస్తుంది. అది కావాల్సిన 443కి మరీ దగ్గర. 550యే సరైనది, నా మాట మారదు.

తణుకు_టార్క్
బూస్ట్ ఎదురు తోసే సంగతి ఒప్పుకుంటా. కానీ 80 శాతంలోనే ఆ ఖాళీ ఉంది కదండీ. 85 దాకా వెళ్లినా ఇంజెక్టరుకి ఏమీ కాదు.

రావులపాలెం_రైల్
ఏప్రిల్, మే వేడిలో పంపు నీరసపడితే ఆ 5 శాతం ఎటు పోయిందో కూడా తెలీదు.

నరసాపురం_నాక్
ఇదంతా ఎందుకు, రైజింగ్ రేట్ రెగ్యులేటర్ ఒకటి వేస్తే పోద్ది. బూస్ట్ ఒక పౌండు (పీఎస్‌ఐ) పెరిగితే ఫ్యూయల్ ప్రెజర్ నాలుగైదు పౌండ్లు అదే పెంచుకుంటుంది.

కాకినాడ_క్రాంక్
@నరసాపురం_నాక్ అది ఈసీయూ చేతికి అందని రోజుల్లో చేసిన పని. ప్రెజర్ పెరిగేకొద్దీ పంపు పోసే లీటర్లు తగ్గుతాయి. సరిగ్గా ఎక్కువ కావాల్సిన చోటే తక్కువ ఇస్తుంది. ప్రెజర్ మరీ పెరిగితే ఇంజెక్టరు సూది తెరుచుకోవడానికి మొరాయిస్తుంది. పైగా ఈ కారుకి రిటర్న్ లైను కొత్తగా వెయ్యాలి. స్టాండలోన్ ఉన్నవాళ్లకి దాంతో పనే లేదు.

లంకల_లాంబ్డా
పిగ్గీబ్యాక్ (కంపెనీ ఈసీయూకి వెళ్లే సిగ్నళ్లని మార్చే పెట్టె) వాడేవాళ్లు కూడా ఈ చర్చ చదువుతుంటారు కాబట్టి ఒక మాట. పెద్ద ఇంజెక్టర్లు వేసి, పెట్రోలు ఎక్కువవుతోందని మ్యాప్ సెన్సరు సిగ్నల్‌ని తగ్గించి కంపెనీ ఈసీయూకి పంపుతారు. పెట్రోలు తగ్గుతుంది నిజమే. కానీ ఈసీయూ ఇంజను మీద లోడ్ తక్కువ ఉందనుకుని ఇగ్నిషన్ టైమింగ్ ముందుకి జరుపుతుంది. బూస్ట్‌లో టైమింగ్ ముందుకి పోతే నాక్ (సిలిండర్లో పెట్రోలు అదుపు తప్పి పేలడం). పిస్టన్ రింగుల మధ్య గట్లు విరిగిన ఇంజన్లు చాలావాటికి కారణం ఇదే. ఇంధనం, టైమింగ్ రెండూ విడివిడిగా మార్చగలిగే ఈసీయూ లేకపోతే ఇంజెక్టర్లు ముట్టుకోవద్దు.

భీమవరం_బూస్ట్
లాగ్‌లు తీశానండి.

ఏసీ లేకుండా ఐడ్లింగ్: 14.2 వోల్టులు, ట్రిమ్ +2.
ఏసీ, ఫ్యాను, లైట్లు: 12.9 వోల్టులు, ట్రిమ్ +13 చుట్టూ ఊగుతోంది.
80లో నిలకడగా: 14.1 వోల్టులు, ట్రిమ్ +1.
మూడో గేరులో ఫుల్ థ్రాటిల్, 6200 దగ్గర: మ్యాప్ 149 కేపీఏ, డ్యూటీ 61 శాతం, లాంబ్డా 0.91, ఇన్‌టేక్ గాలి 58 డిగ్రీలు.

ఇంజెక్టర్ల రెసిస్టెన్స్ నాలుగూ 12.2, 12.3 ఓమ్‌ల దగ్గరే ఉన్నాయి.

కాకినాడ_క్రాంక్
ఇక దాపరికం లేదు, రెండు జబ్బులూ బయటపడ్డాయి.

మొదటిది డెడ్ టైమ్. ఈసీయూ కరెంటు ఇచ్చిన వెంటనే సూది లేవదు. ఆ ఆలస్యం వోల్టేజీ తగ్గేకొద్దీ పెరుగుతుంది. ఈ రకం ఇంజెక్టర్లకి 14 వోల్టుల దగ్గర 0.9 మిల్లీసెకను అటూఇటూ ఉంటే 12 దగ్గర 1.1 పైకి, 10 దగ్గర 1.5 చుట్టుపక్కలకి పోతుంది. మీ ఐడ్లింగ్‌లో పెట్రోలు నిజంగా పడే సమయం 1.2 మిల్లీసెకన్లే. అందులో 0.15 తప్పితే 12 శాతం తప్పినట్టు. మీ ట్రిమ్ +13. 80లో పల్స్ పెద్దది, వోల్టేజీ బాగుంది, అందుకే +1.

గుర్తు పెట్టుకోండి: ఐడ్లింగ్ నుంచి హైవే దాకా ట్రిమ్ ఒకేలా తప్పితే ఇంజెక్టర్ సైజు అంకె తప్పు. ఐడ్లింగ్‌లోనే, అదీ వోల్టేజీ పడినప్పుడే తప్పితే డెడ్ టైమ్ తప్పు. ఐడ్లింగ్‌లో ఎప్పుడూ తప్పుతుంటే గాలి లీకు కూడా చూడాలి.

రెండోది ఇంజెక్టరు కాదు. డ్యూటీ 61 దగ్గర ఉండి లీన్ అవుతోందంటే ఇంజెక్టరు తెరిచే ఉంది, వెనక ప్రెజర్ లేదు.

పాలకొల్లు_ప్లగ్
డెడ్ టైమ్ టేబుల్ స్క్రీన్ తీసి పెట్టండి.

భీమవరం_బూస్ట్
8 నుంచి 16 వోల్టుల దాకా అన్ని గడుల్లో 1.0 ఉంది. ఒకే అంకె.

పాలకొల్లు_ప్లగ్
అదే అండి. డైనో మీద ఏసీ ఆపేసి, బ్యాటరీకి చార్జర్ తగిలించి 14 వోల్టుల దగ్గరే ట్యూన్ చేసుంటారు. అక్కడ ఆ ఒక్క అంకెతోనే పని జరిగిపోద్ది.

ఇంజెక్టర్లు అమ్మినవాళ్లని డేటా షీటు అడగండి. వోల్టేజీకి ఒకటి, ప్రెజర్‌కి ఒకటి, రెండు లెక్కలూ ఉండాలి. అది ఇవ్వలేనివాళ్ల దగ్గర ఇంజెక్టరు ఎంత చవగ్గా వచ్చినా కొనకూడదు.

కోరంగి_కామ్
షీటు దొరక్కపోతే ఎలాగండి?

కాకినాడ_క్రాంక్
@కోరంగి_కామ్ కారు మీదే తియ్యొచ్చు. ఇంజను పూర్తిగా వేడెక్కాక క్లోజ్డ్ లూప్ ట్రిమ్ ఆపెయ్యండి. ఏమీ వెయ్యకుండా లాంబ్డా రాసుకోండి. తరవాత హెడ్‌లైట్లు, బ్లోయర్, వెనక అద్దం హీటరు వేసి వోల్టేజీ 13 దగ్గరికి దించండి. ఏసీ మాత్రం వెయ్యొద్దు, కంప్రెసర్ లోడ్‌కి ఇంజను గాలి ఎక్కువ పీలుస్తుంది, లెక్క కలగాపులగం అవుద్ది. లాంబ్డా మళ్లీ మొదటి అంకెకి వచ్చేదాకా 13 వోల్టుల గడిలో 0.02 చొప్పున పెంచండి. అలా రెండు మూడు చోట్ల పట్టుకుంటే మిగతా గీత తెలిసిపోద్ది. క్రాంకింగ్‌కి కావాల్సిన 9, 10 వోల్టుల గడులు చల్లటి స్టార్ట్‌లో చూసుకోవాలి.

ఆల్టర్నేటర్ కనెక్టరు పీకి వోల్టేజీ దించేవాళ్లున్నారు. దాని జోలికి పోకండి.

రావులపాలెం_రైల్
ఇప్పుడు పంపు సంగతి. రైల్‌కి మెకానికల్ గేజి కట్టి, గొట్టం పొడుగ్గా తీసి, బానెట్ సందులోంచి గేజిని బయటికి తెచ్చి ముందు అద్దానికి టేపుతో అంటించండి. పెట్రోలు ఉన్న గేజిని కారు లోపలికి తేవొద్దు. ఒకళ్లు నడపాలి, ఒకళ్లు చూడాలి. ఇంకో పక్క పంపు కనెక్టరు దగ్గర మల్టీమీటరు.

నా అంచనా చెప్తున్నా: 0.82 నుంచి 0.91 అంటే పెట్రోలు 10 శాతం తగ్గింది. ఫ్లో 10 శాతం తగ్గాలంటే ప్రెజర్ 19 శాతం తగ్గాలి. ఇంజెక్టరుకి దక్కే 3.3 కాస్తా 2.7 అవ్వాలి. అంటే గేజి మీద 3.8 నుంచి 3.2కి పడుతుంటుంది.

తణుకు_టార్క్
ఫిల్టరు కూడా. ఈ బండిలో ఫిల్టరు ట్యాంకులో పంపుతోనే ఉంటుంది, ఇన్నేళ్లలో ఎవరూ మార్చి ఉండరు.

ద్రాక్షారామం_డైనో
ఒక విషయం ఎవరూ అనలేదు. హైదరాబాద్ సముద్రమట్టానికి 540 మీటర్ల ఎత్తులో ఉంది. అక్కడ గాలి పీడనం 95 కేపీఏ చుట్టూ ఉంటే మన డెల్టాలో 101. సెంట్రిఫ్యూగల్ బ్లోయరు అదే పుల్లీతో, అదే ఆర్‌పీఎంలో గాలిని ఇన్ని రెట్లు నొక్కుతుంది తప్ప ఇన్ని కేపీఏ కలుపుతుందని కాదు. అక్కడ 1.47 రెట్లు అంటే 140. ఇక్కడ అదే 1.47 రెట్లు 149. ఆయన లాగ్‌లో ఉన్నది సరిగ్గా అదే.

అంటే డైనో మీద టేబుల్‌లో 140 కేపీఏ వరస దాకానే ట్యూన్ జరిగింది. భీమవరంలో ఇంజను 150 వరసలో తిరుగుతోంది. ఆ వరసని ఎవరూ ముట్టుకోలేదు. హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో ట్యూన్ చేయించుకుని కోనసీమ వచ్చే ప్రతి బూస్ట్ కారుకీ ఇదే తంతు. బెంగళూరు ఇంకా ఎత్తు, 900 మీటర్లు.

భీమవరం_బూస్ట్
చూశాను. ఇగ్నిషన్ టేబుల్‌లో 140, 150, 160 మూడు వరసల్లోనూ ఒకే అంకెలు. ఇంధనం టేబుల్‌లో కూడా 140 వరసనే పైకి కాపీ చేశారు.

ద్రాక్షారామం_డైనో
ఇంధనం టేబుల్ వీఈ (సిలిండర్లో ఎంత శాతం గాలి నిండుతుందో చెప్పేది) కాబట్టి అది పెద్ద ప్రమాదం కాదు. మ్యాప్ పెరిగిన కొద్దీ ఈసీయూ పెట్రోలు అదే పెంచుకుంటుంది. ఇగ్నిషన్ మాత్రం ప్రమాదం. మొదలుపెట్టేటప్పుడు ఒక పౌండు బూస్ట్‌కి ఒక డిగ్రీ వెనక్కి అని పెట్టుకుంటారు. 9 కేపీఏ అంటే 1.3 పౌండ్లు. ముందు 150 వరసలో 1.5 డిగ్రీలు, 160లో 3 డిగ్రీలు తగ్గించి సేవ్ చెయ్యండి. తరవాతే మిగతా పని. ఆ ఇంజను కంప్రెషన్ 10.5. బూస్ట్‌తో అంత కంప్రెషన్‌కి టైమింగ్‌లో ఆట తక్కువ.

నరసాపురం_నాక్
ఇ20లో ఆక్టేన్ ఎక్కువ కదా, 95 అంటున్నారు. టైమింగ్ తగ్గించాలా?

లంకల_లాంబ్డా
@నరసాపురం_నాక్ ఆ ఆక్టేన్ బోనస్‌గా వాడుకోండి, లెక్కలో కలపకండి. వానాకాలంలో బంకు నేల ట్యాంకులోకి నీళ్లు దిగితే ఇథనాల్ నీటితో కలిసి అడుక్కి పోతుంది. పైన మిగిలే పెట్రోలులో ఆక్టేన్ పడిపోతుంది. మనది చేయి పెడితే నీళ్లు తగిలే నేల.

చూసుకోవడం సులువు. గీతలున్న 100 మి.లీ. గాజు గొట్టంలో 10 మి.లీ. నీళ్లు, 90 మి.లీ. పెట్రోలు పోసి, మూత బిగించి కుదిపి, ఆవిరి వదిలి, పది నిమిషాలు నిలబెట్టండి. ఇథనాల్ నీళ్లలోకి దిగుతుంది. ఇ20 అయితే కింద పొర 10 గీత నుంచి 28 దగ్గరికి వస్తుంది. 19 దగ్గరే ఆగితే అది ఇ10. నిప్పుకి దూరంగా, ఆరుబయట చెయ్యండి. కొత్త బంకులో కొట్టించినప్పుడల్లా చూస్తే మంచిది.

కోరంగి_కామ్
ఫ్లెక్స్ సెన్సరు (పెట్రోలులో ఇథనాల్ శాతం కొలిచేది) పెడితే ఈ గొట్టాల పని ఉండదు. స్టాండలోన్‌కి నేరుగా తగులుతుంది. 50 హెర్ట్జ్ అంటే సున్నా ఇథనాల్, 150 అంటే వంద శాతం, ఇ20కి 70 చూపించాలి.

కాకినాడ_క్రాంక్
మంచి మాట. దాంతోపాటు గేజిని లాంబ్డాలోనే ఉంచండి. పెట్రోలుకి 14.7, ఇ20కి 13.5 అన్న గందరగోళం ఉండదు. లాంబ్డా 1 ఏ ఇంధనానికైనా 1. బూస్ట్‌లో 0.80 నుంచి 0.82, హైవే మీద 1.

ఆత్రేయపురం_ఆయిల్
ఇంజెక్టర్లు ఎక్కించిన తీరు కూడా చూసుకోండి. ట్యూన్‌తో సరికాని గొడవలు అక్కడే పుడతాయి.

విప్పేముందు పంపు ఫ్యూజు తీసి, ఇంజను ఆగిపోయేదాకా తిప్పితే రైల్‌లో ప్రెజర్ పోతుంది. బ్యాటరీ మైనస్ తీసెయ్యాలి. రైల్ బోల్టులు విప్పే ముందు ఇంజెక్టర్ల చుట్టూ ఉన్న దుమ్మూ ఇసకా గాలితో ఊదెయ్యాలి, లేకపోతే నేరుగా వాల్వు మీద పడుతుంది. పాత ఓ-రింగులు మళ్లీ వెయ్యకూడదు. ఇ20కి నైట్రైల్ రింగులు ఉబ్బి, తరవాత గట్టిపడి పగులుతాయి. విటాన్ రింగులు అడిగి తీసుకోండి. రింగుకి ఒక్క చుక్క కొత్త ఇంజను ఆయిలు రాసి నిటారుగా నొక్కాలి. మెలిపెట్టి తోస్తే రింగు అంచు కత్తిరించుకుపోద్ది. సిలికాన్ గ్రీజు పనికిరాదు, ఆక్సిజన్ సెన్సరు పాడవుద్ది. బిగించాక ఒక్కో ఇంజెక్టరు చేత్తో తిప్పితే కొంచెం బిగువుగా తిరగాలి. అస్సలు తిరక్కపోతే రైల్ వంకరగా కూర్చున్నట్టే.

స్టార్ట్ చెయ్యకుండా తాళం మూడు నాలుగు సార్లు ఆన్ చేసి, ప్రతి రింగు దగ్గరా పొడి టిష్యూ పెట్టి టార్చి వేసి చూడండి. తడి కనిపిస్తే ఆగిపోండి.

పాలకొల్లు_ప్లగ్
నాలుగూ ఒకేలా పోస్తున్నాయో లేదో కూడా. వైడ్‌బ్యాండ్ ఎగ్జాస్ట్‌లో నాలుగు సిలిండర్లూ కలిసిన చోట ఉంటుంది, అది చూపించేది సగటే. మూడు 0.80 పోసి ఒకటి 0.90 పోస్తుంటే గేజి 0.82 అని చక్కగా చూపిస్తుంది, ఆ నాలుగో పిస్టన్ కరుగుతుంటుంది. క్లీనింగ్ మిషను ఉన్న షాపులో నాలుగూ ఒకేసారి పెట్టి, 3 బార్ దగ్గర 30 సెకన్లు వదిలి గొట్టాల్లో మట్టం చూడండి. 550వి అయితే 275 మి.లీ. దగ్గర రావాలి. మిషను గొట్టాలు చిన్నవైతే 15 సెకన్లే వదలండి. ఒకదానికొకటి 3 శాతం లోపు తేడా ఉంటే వాడుకోవచ్చు. అదే మిషను మీద చిన్న పల్స్‌తో కూడా చూడండి. పూర్తిగా తెరిచినప్పుడు సమానంగా ఉండి 2 మిల్లీసెకన్ల పల్స్‌లో తేడా వచ్చేవి చాలా ఉంటాయి. ఐడ్లింగ్‌కి ఆ లెక్కే ముఖ్యం.

అమలాపురం_పుల్లీ
ప్లగ్గులు ఏవి?

భీమవరం_బూస్ట్
కంపెనీవే. గ్యాప్ 1.1.

పాలకొల్లు_ప్లగ్
మార్చెయ్యండి. ఒక మెట్టు చల్లటివి. ఎన్‌జీకేలో అంకె పెరిగితే చల్లటిది, 6 ఉంటే 7. గ్యాప్ 0.75 పెట్టండి. 1.1తో బూస్ట్‌లో స్పార్క్ ఆరిపోయి మిస్సింగ్ వస్తుంది. ఆ మిస్సింగ్‌లో మండని గాలి ఎగ్జాస్ట్‌లోకి పోయి వైడ్‌బ్యాండ్‌కి లీన్‌గా కనిపిస్తుంది. మీ 0.91లో దాని వాటా ఎంతో కూడా తేలుతుంది.

భీమవరం_బూస్ట్
గేజి, మల్టీమీటరు రెండూ పెట్టి చూశాం. ఐడ్లింగ్‌లో 3.8. మూడో గేరులో 6000 దగ్గర 3.2. ఆ సమయంలో బ్యాటరీ దగ్గర 13.9 వోల్టులు, పంపు కనెక్టరు దగ్గర 11.4.

రావులపాలెం_రైల్
రెండున్నర వోల్టులు తీగలోనే పోతున్నాయి! ఇంక 1000 సీసీ మాట ఎత్తకండి.

బ్యాటరీ నుంచి 20 ఆంపుల ఫ్యూజు, బ్యాటరీకి ఒక జానెడు దూరం లోపే. అక్కడినుంచి 4 చదరపు మిల్లీమీటర్ల తీగ ట్యాంకు దాకా, వెనక సీటు కింద 30 ఆంపుల రిలే. పాత పంపు తీగని రిలే కాయిల్‌కి ఇవ్వండి. అలా ఉంటే యాక్సిడెంటులో ఈసీయూ పంపు ఆపే పని అలాగే ఉంటుంది. నేరుగా స్విచ్చు పెట్టేవాళ్లున్నారు, వద్దు. పంపు నెగెటివ్‌ని కూడా కొత్తగా బాడీకి దించండి, పెయింటు గీకి, బిగించి, పైన గ్రీజు రాయండి. సముద్రపు గాలికి పాత ఎర్తు బోల్టు కింద పచ్చగా చిలుము పట్టి ఉంటుంది, అరవోల్టు అక్కడే తింటుంది. ఫిల్టరు ఈ విప్పడంలోనే మార్చెయ్యండి.

తణుకు_టార్క్
పంపు కూడా 255 లీటర్లది వేసెయ్యొచ్చు కదా, ట్యాంకు ఎలాగూ విప్పుతున్నారు.

రావులపాలెం_రైల్
అవసరం లేదు. 200 హెచ్‌పీకి ఇ20తో గంటకి 82 లీటర్లు చాలు. ముందు తీగ సరిచేసి గేజి చూడండి. అప్పటికీ 3.6 కింద పడితే పంపు మార్చండి. పెద్ద పంపు వేస్తే ఆ చిన్న రెగ్యులేటర్ వెనక్కి వదలలేక ఐడ్లింగ్‌లో ప్రెజర్ పెరుగుతుంది, మళ్లీ ఇంజెక్టరు లెక్కలన్నీ మారిపోతాయి.

తణుకు_టార్క్
సరే, ఆ రెగ్యులేటర్ సంగతి నిజమే.

ద్రాక్షారామం_డైనో
ఇన్‌టేక్ గాలి 58 అన్నారు, అది ఒక్క పరుగుకి. 40 డిగ్రీల ఎండలో 1.5 రెట్లు నొక్కితే, 75 శాతం సామర్థ్యమున్న బ్లోయరు అయినా గాలి 90 డిగ్రీలకి వస్తుంది. దాన్ని దించేది ఇంటర్‌కూలరే. గేటు దగ్గర పది నిమిషాలు ఆగితే ఇంటర్‌కూలరూ ఇన్‌టేక్ గొట్టాలూ వేడెక్కిపోతాయి, గేటు ఎత్తగానే కాలు నొక్కితే అదే ప్రమాదం. గాలి వేడిని బట్టి టైమింగ్ తగ్గించే టేబుల్‌లో 45 దాటాక ప్రతి 6 డిగ్రీలకీ ఒక డిగ్రీ తగ్గేలా పెట్టండి.

కోరంగి_కామ్
లాగ్‌లు ఎక్కడ తీస్తున్నారు? ఏటిగట్టు మీద వద్దండి. 216 జాతీయ రహదారి మీద కూడా చేపల లారీలూ ధాన్యం ట్రాక్టర్లూ ఏ సందులోంచి వస్తాయో తెలీదు.

కాకినాడ_క్రాంక్
రోడ్డు మీద ఆఖరి దశ వద్దు. ఐడ్లింగ్, నిలకడ వేగం, చిన్న లోడు ఇక్కడ చూసుకోవచ్చు. ఫుల్ థ్రాటిల్ గడులన్నీ డైనో మీదే. మళ్లీ హైదరాబాద్ వెళ్తే బారోమీటర్ తేడా వాళ్లకి ముందే చెప్పండి, 150, 160 వరసలు వెనకటి వరసలకంటే జాగ్రత్తగా నింపించుకోండి. చెన్నై డైనో అయితే సముద్రమట్టమే, ఈ తేడా ఉండదు.

లంకల_లాంబ్డా
కాగితాల మాట కూడా. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం కంపెనీ ఇచ్చిన వివరాలకి తేడా వచ్చేలా బండి మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే చెప్పింది. యాక్సిడెంటు అయితే ఇన్సూరెన్సు క్లెయిము దగ్గర చిక్కు వస్తుంది. ట్రాక్ మీదకి ట్రైలరులో తీసుకెళ్లే బండికీ, రోజూ రోడ్డెక్కే బండికీ తేడా చూసుకుని చెయ్యండి.

భీమవరం_బూస్ట్
తీగ, రిలే, ఎర్తు, ఫిల్టరు అయ్యాయి. పంపు దగ్గర ఇప్పుడు 13.5 వోల్టులు. 6000 దగ్గర గేజి 3.7. లాంబ్డా 0.83. ప్లగ్గులు 7 రకం, గ్యాప్ 0.75. 150 వరస టైమింగ్ తగ్గించా, నాక్ లెక్కలో ఏమీ లేదు.

డేటా షీటు కూడా వచ్చింది. 14 వోల్టులకి 0.92, 13కి 1.04, 12కి 1.18, 10కి 1.57. ఎక్కించాక ఏసీ, లైట్లతో ట్రిమ్ +2, ఐడ్లింగ్ 760 నుంచి 800 మధ్యే ఉంటోంది. గేటు దగ్గర ఆగడం లేదు.

ఒక్కటే మిగిలింది: పొద్దున్న చల్లటి స్టార్ట్‌కి రెండు మూడు సార్లు తిప్పాల్సొస్తోంది. ఇంతకు ముందు ఒక్కసారికే అందుకునేది.

కాకినాడ_క్రాంక్
పాత టేబుల్‌లో 10 వోల్టుల దగ్గర 1.0 ఉండేది, దానికి సరిపోయేలా క్రాంకింగ్ పల్స్ ఎక్కువ పెట్టేసి ఉంటారు. ఇప్పుడు డెడ్ టైమ్ నిజమైన అంకెకి వచ్చింది, ఆ ఎక్కువ పల్స్ అలాగే ఉండిపోయింది, ప్లగ్గులు తడుస్తున్నాయి. క్రాంకింగ్ పల్స్ టేబుల్ 20 డిగ్రీల నుంచి 40 డిగ్రీల గడుల దాకా 10 శాతం చొప్పున తగ్గిస్తూ రండి. ఒక పొద్దున్నకి ఒక్కసారే మార్చండి, ఇంజను వేడెక్కాక చేస్తే తెలీదు.

ఆత్రేయపురం_ఆయిల్
దానితోపాటు డిప్‌స్టిక్ తీసి వాసన చూడండి. కొత్త టేబుల్ ఎక్కించినప్పటినుంచి ఎక్కువ పెట్రోలుతో స్టార్ట్ అవుతోంది కాబట్టి ఆయిల్లోకి పెట్రోలు దిగి ఉంటుంది. మట్టం పైగీత దాటినా, వాసన వచ్చినా ఆయిలు, ఫిల్టరు రెండూ మార్చాకే డైనో ఎక్కించండి.

భీమవరం_బూస్ట్
వాసన ఉందండి. రేపు మార్చేస్తా.